మద్దిచెట్టు మీద తాతయ్య

తాతయ్య మద్దిచెట్టు కొమ్మ మీద కూర్చుని ఉన్నాడు, కాళ్లకు వేట బూట్లు, చేతిలో తుపాకీ ఉండాల్సిన చోట గొడుగు, చెట్టు కింద అడవిపంది అటూ ఇటూ తిరుగుతోంది, ఆ చోటు కొండవాలు అనుకునేలోపే వారపత్రిక ఆఫీసులా మారి అచ్చు సిరా వాసన వేస్తోంది, నేను చంకలో పాపతో నిలబడి ఉన్నాను, తాతయ్య పోయాడని తెలిసినా ఏమీ వింతగా లేదు.

"ఎంతసేపే వరూ, కాళ్లు తిమ్మిరెక్కిపోయాయి," అంటాడు.

గుర్రం కింద పడేసినా, చేప గాలంతో సహా లాక్కుపోయినా, ఆ ఓటమినే కథ చేసి నలుగురినీ నవ్వించిన మనిషి ఆయన. చేతులు వణికేవని, ఆయన చెబుతుంటే నేను రాసేదాన్ని. ఆఖరి కథలో పందికి జడిసి చెట్టెక్కాడు, ఎలా దిగాడో చెప్పకముందే నిజంగా పోయాడు. ముగింపు ఉంటేనే అచ్చు వేస్తామని ఎడిటరుగారు కబురు చేశారు.

"నాది తొమ్మిదో తరగతితో ఆగిన చదువు తాతయ్యా. ముగింపు రాయమని ఎవరైనా చదువుకున్నవాళ్లని అడుగు."

"నువ్వెంత చదివావో పంది అడిగిందా? మన కొండల్లో వేటలో వాటా ఎవరెవరికే?"

"వేట చోటికి చేరినవాళ్లందరికీ. చంకలో బిడ్డ ఉంటే దానికీను."

"ఈటె పట్టినవాళ్లకే అని ఎవరైనా అన్నారా?"

"లేదు."

"మరి నువ్వెక్కడున్నావు?"

చెట్టు కిందే ఉన్నాను, పంది నా వైపే తిరుగుతోంది, భయంతో పాపను గుండెకు అదుముకుంటే అది గుక్కపట్టి ఏడుస్తుంది, ఆ ఏడుపుకి పంది చెవులు నిక్కబొడుచుకుని, కాసేపు ఆలోచించి, ఆఫీసు మెట్లు దిగి వెళ్లిపోతుంది.

తాతయ్య పొట్ట పట్టుకుని నవ్వుతాడు. "ఇన్ని వేటలాడాను, ఈ ఆయుధం నాకు తట్టలేదు చూడు. ఇట్లాగే రాయి. నన్ను మాత్రం పిరికివాడిగానే ఉంచు, లేకపోతే ఎవడూ నమ్మడు."

"నీ పేరు కింద నా పేరు కూడా వేయమననా?"

"వాటా తీసుకోవడానికి మొహమాటమేంటే," అంటూ నా భుజం మీద చేయి వేసి దిగుతున్నాడు, బరువే లేదు.

మెలకువ వచ్చింది. గుమ్మంలో మధ్యాహ్నపు ఎండ. పక్కలో పాప లేదు. గబుక్కున లేచి చూస్తే, ట్రంకుపెట్టె అంచు పట్టుకుని మొదటిసారి తనంతట తాను నిలబడి ఉంది, మళ్లీ కూర్చోవడం ఎలాగో తెలియక మోకాళ్లు వణుకుతూ నాకేసి చూస్తోంది.

నడుము పట్టుకుని మెల్లగా దించాను. ఒళ్లో కూర్చోబెట్టుకుని కలం మూత తీశాను.