గిట్టనివాడి గుటక

బుడుక్. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ బుడుక్, బుడుక్.

షెడ్డు తలుపు తెరవకముందే ఆ చప్పుడు తమ్ముడి చెవిన పడింది. లోపల పెద్ద తొట్టిలో నల్లబీరు పులుస్తోంది. మూతలోంచి దిగిన రబ్బరు గొట్టం బకెట్టు నీళ్ళలో మునిగి, తొట్టిలోని గాలిని బుడగలుగా వదులుతోంది. రోజూ వినే చప్పుడే. ఈ ఉదయం మాత్రం ఎవరో ఎదురుగా కూర్చుని, బల్ల మీద వేళ్ళు కొడుతూ జవాబు కోసం చూస్తున్నట్టుంది. అతడు గడియ మీద చెయ్యి వేశాడు, తీశాడు. జేబులో పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

ఈరోజు అక్క పీపా సంగతి తేలాలి. తేల్చవలసినవాడు తనే.

షెడ్డు బాబాయిది. అక్క బీరు కాస్తుంది, తమ్ముడు తొట్లు కడిగి సీసాలు నింపుతాడు. అక్కడ బాబాయి పెట్టిన కట్టుబాటు ఒకటుంది. ఏ రకం బీరైనా, ఆ రకం గిట్టనివాడు తాగి సరేనంటేనే గడప దాటుతుంది. ‘ప్రేమించేవాడి నాలుక గుడ్డిదిరా. కాకిపిల్ల కాకికి ముద్దు. గిట్టనివాడి గుటకే గుటక’ అంటాడు. పేరు పెట్టే హక్కు కూడా ఆ గిట్టనివాడిదే. నల్లబీరంటే బాబాయికి పడదు. మొహం మాడ్చుకుని తాగి, సరేనని, కసికొద్దీ దానికి ‘బొగ్గుబావ’ అని పేరు తగిలించాడు. ఇప్పుడు షెడ్డుకు కూడు పెడుతున్నది ఆ బొగ్గుబావే.

ఇక పుల్లబీరు అక్క కల. చెక్కపీపాలో పోసి, ఏడాది పాటు పసిపిల్లలా కాచుకుంది. ఇది తప్పితే మళ్ళీ పులుపు మాట ఎత్తనని బాబాయికి మాటిచ్చింది కూడా. ఇంట్లో పులుపు గిట్టనివాడు తమ్ముడొక్కడే. చిన్నప్పటినుంచీ తీపి కోసం డబ్బాలు వెతికినవాడు, బాబాయి నోట ‘చక్కెరబాబు’ అయినవాడు.

వారం రోజులుగా చక్కెరబాబు తన అద్దెగదిలో రహస్యంగా సాధన చేస్తున్నాడు. ఊళ్ళో దొరికిన పుల్లబీర్లన్నీ తెచ్చుకుని, కిటికీ దగ్గర నిలబడి గుక్కగుక్కగా తాగాడు. ఒకటి పచ్చికాయ కొరికినట్టుంది. ఒకటి నాణెం నాకినట్టుంది. ఒకదాని వాసనకు ముక్కులో సూది దిగి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇల్లుగలావిడ మెట్ల మీదినుంచి చూసి, ‘‘పన్ను పీకించుకో నాయనా, ఎన్నాళ్ళు ఓర్చుకుంటావ్?’’ అంది. ఏ సీసా మీదా ఇష్టం కలగలేదు గానీ, అయిష్టంలో రకాలున్నాయని తెలిసింది. వెనిగర్ ఘాటు ముక్కును పొడిచిందంటే బీరు చెడింది. పులుపు నాలుక అంచుల్ని పట్టి లాగి వదిలేసిందంటే పండింది. తనకు నచ్చకపోవడం వేరు, బీరులో తప్పుండడం వేరు. గదిలో ఆ తేడా అద్దంలా కనబడింది. అక్క ఎదుట కనబడుతుందా అన్నదే అతని గుబులు.

తలుపు తోశాడు.

‘‘వచ్చాడండీ న్యాయమూర్తిగారు,’’ అన్నాడు బాబాయి, స్టూలు మీదినుంచి కదలకుండా. ‘‘రాత్రి నిద్రపట్టిందా, చక్కెరబాబూ?’’

‘‘పట్టింది బాబాయ్.’’

‘‘కళ్ళు అలా చెప్పట్లేదే.’’

అక్క గ్లాసు తెచ్చి అతని ముందు పెట్టింది. గ్లాసు ఒళ్ళంతా చెమట పట్టి ఉంది. ఆమె నుదురూ అలాగే ఉంది. అతడు ఒక గుక్క తాగాడు. పళ్ళు జివ్వుమన్నాయి. పులుపు తెలియలేదు, తీపి తెలియలేదు. చలి ఒక్కటే తెలిసింది.

‘‘చల్లగా ఉందక్కా.’’

‘‘బీరు చల్లగా కాక, కాఫీలా ఉంటుందా?’’

‘‘ఇది మరీ. మంచులో పెట్టావా?’’

ఆమె గుడ్డ తీసుకుని, తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది. బాబాయి మెడ సాచి గ్లాసును చూశాడు, తర్వాత ఆమెను చూశాడు. ఆ షెడ్డులో అందరికీ తెలిసిన సంగతే: తప్పును దాచాలంటే చలిని మించిన దుప్పటి లేదు.

‘‘భయమేసింది,’’ అంది అక్క చివరికి, గుడ్డతో చెబుతున్నట్టు. ‘‘పొద్దున చూస్తే బానే ఉంది. కాసేపాగి చూస్తే చెడినట్టుంది. ఇంకాసేపటికి నాకేమీ తెలియలేదు. నా నాలుక మీద నాకే నమ్మకం పోయింది. అందుకే మంచులో పెట్టా. నువ్వూ ఏమీ కనుక్కోకపోతే...’’

‘‘కనుక్కోకపోతే బండెక్కేది,’’ అన్నాడు బాబాయి. గొంతులో కోపం లేదు. అది లేకపోవడమే అక్కకు ఎక్కువ తగిలింది.

తమ్ముడు రెండు అరచేతుల మధ్య గ్లాసును పట్టుకుని వేడి చేయసాగాడు. నిలబడలేకపోయాడు. తొట్టి దాకా నడిచాడు, తిరిగాడు. కిటికీ దాకా నడిచాడు, తిరిగాడు. బకెట్టులో బుడగలు అతనికంటే కుదురుగా ఉన్నాయి. సరేనంటే అక్క ముఖం వెలుగుతుంది. ఆ వెలుగు కోసమే సరేనన్నాడని రేపు తనకే అనిపిస్తే? కాదంటే పీపా కాలవపాలు. అది పులుపు మీది పాతపగేనని తర్వాత తేలితే?

వాసన లేచింది. రుచి చూశాడు. దవడలు బిగుసుకున్నాయి, ఒక కన్ను దానంతటదే మూతపడింది.

‘‘అదిగో, ఆ మొహం,’’ అంది అక్క. ‘‘ఆ మొహం నాకు నువ్వు పుట్టినప్పటినుంచీ తెలుసు. నేనేం పెట్టినా అదే మొహం.’’

‘‘నువ్వు పెట్టిందెక్కడ? నోటిదాకా తెచ్చి లాక్కునేదానివి.’’ ఒక గుక్క.

‘‘అరిగేది కాదురా నీకు. నీ పొట్ట గురించి నాకు తెలియదా?’’

‘‘నా పొట్ట గురించి ఊరంతా చెప్పావు, అది చాలదూ?’’ మరో గుక్క. ‘‘బడిలో కూడా చెప్పావు.’’

‘‘మాష్టారు అడిగితే చెప్పా.’’

‘‘అడక్కుండానే చెప్పావు. లేచి నిలబడి మరీ.’’ ఇంకో గుక్క.

‘‘సరేగానీ, అబ్బాయ్,’’ అన్నాడు బాబాయి నెమ్మదిగా. ‘‘ఆ గ్లాసులో బీరేది?’’

అతడు చేతిలోకి చూసుకున్నాడు. అడుగున నురగ ఒక్కటే మిగిలింది. బాబాయి మీసం కింద నవ్వు కదిలింది.

‘‘లెక్కలోకి రాదు,’’ అన్నాడు తమ్ముడు తల అడ్డంగా ఊపుతూ. ‘‘అది కోపంలో తాగాను. ఇంకోటి పోయక్కా. మంచు వద్దు, పీపాలోంచి నేరుగా.’’

‘‘ఒప్పుకోవచ్చు కదరా,’’ అంది ఆమె. గట్టిగా అనలేదు.

‘‘పోయక్కా.’’

ఆమె కుళాయి తిప్పింది. తొందరలో కాస్త నేల మీద ఒలికింది. ఈసారి అతడు నడవలేదు, మాట్లాడలేదు. గ్లాసులో ముక్కు పెట్టి, తన గదిలో కళ్ళలో నీళ్ళు తెప్పించిన ఆ సూది కోసం వెతికాడు. లేదు. మళ్ళీ వెతికాడు. తడిచెక్క వాసన ఉంది, పండిన పండు తొక్క వాసన ఉంది, సూది లేదు. గుక్క వేశాడు. పులుపు వచ్చి నాలుక రెండంచుల్నీ పట్టి లాగింది. ఒళ్ళు జలదరించింది. అంతలోనే వదిలేసింది. నోరు కడిగిన పలకలా మిగిలింది. ఆ ఖాళీని నాలుక ఓర్చుకోలేకపోయింది. చెయ్యి దానంతటదే లేచింది. అతడు చేతిని ఆపాడు. కాసేపటికి అది మళ్ళీ లేచింది.

గ్లాసు ఖాళీ చేసి బల్ల మీద పెట్టాడు.

‘‘నాకు నచ్చలేదు,’’ అన్నాడు.

అక్క ముఖం పాలిపోయింది.

‘‘నచ్చలేదు, ఎప్పటికీ నచ్చదు. కానీ ఇందులో తప్పు లేదక్కా. ముక్కుతో వెతికాను, నాలుకతో వెతికాను, లేదు. పైగా వదిలిపెట్టనివ్వట్లేదు. తిట్టుకుంటూనే మళ్ళీ దాని దగ్గరికే పోవాలనిపిస్తోంది.’’

అక్క ఏడ్చిందో నవ్విందో ఆ గుడ్డకే తెలియాలి. ముఖం అందులోనే దాచుకుంది. బాబాయి స్టూలు దిగి, అటకమీది సుద్దముక్క అందుకుని పీపా ముందు నిలబడ్డాడు.

‘‘ఊఁ, చక్కెరబాబూ. రాసుకోవాలి. ఏమని పిలుద్దాం దీన్ని?’’

తమ్ముడికి చెవులు ఎర్రబడ్డాయి. గొంతు సవరించుకున్నాడు, నేల చూశాడు. తర్వాత బాబాయికి కాకుండా, గుడ్డ చాటున ఉన్న అక్కకు వినబడేలా అన్నాడు:

‘‘గిల్లికజ్జా.’’