అమావాస్య నాడు విత్తిన చేను

గద్వాల సేవా సంఘం వాళ్లు అమావాస్యకు అమావాస్యకు వచ్చేవారు. మిగతా రోజుల్లో రమ్మన్నా వాళ్లకు కుదరదు. అందరూ నేతగాళ్లు, నూలుకు రంగులద్దేవాళ్లు. అమావాస్య నాడు మగ్గం ఎక్కకూడదు గనక ఆ ఒక్కరోజే వాళ్ల చేతులు ఖాళీ. ఖాళీగా ఉన్నాయి కదా అని ఇంట్లో పడుకుంటారా అంటే, అదీ లేదు. సంస్థానం రోజులవి, మోటార్లూ బస్సులూ ఎక్కడివి! తెల్లారకముందే పలుగూ పారా భుజాన వేసుకుని ఇటిక్యాల దిక్కున్న పల్లెలకు నడిచి వచ్చి, మెట్లబావులకు అడ్డుగోడ కట్టి, గిలక బిగించేవారు. కాళ్లతో నీళ్లలోకి దిగే బావి వల్లనే నారికురుపు, ఒంట్లోంచి దారం లాంటి పురుగు లేచే రోగం, వస్తోందని ఎవరో డాక్టరు వాళ్లకు చెప్పాడట.

ఊళ్లోవాళ్లకు వాళ్లను చూస్తే ఒకటే నవ్వు. నవ్వరా మరి! మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని బతికే మనుషులు, ఎండ మొహం ఎరగని పాదాలు, నాలుగు పారలు మట్టి ఎత్తేసరికి అరచేతుల నిండా బొబ్బలు. "బాయి కట్టొచ్చిండ్రా, అత్తగారింటికి సుట్టపుచూపుగ వచ్చిండ్రా?" అని పెంటమ్మ గట్టు మీద నిలబడి అందరికీ వినబడేలా అడిగేది. సంఘానికి పెద్ద గోవిందు, ముప్పయ్యేళ్ల నేతగాడు, ఏమీ అనుకునేవాడు కాదు. "అల్లుండ్లమే అనుకోక్క. జరంత సల్ల పొయ్యి" అనేవాడు.

ఆ జ్యేష్ఠ అమావాస్య నాడు మౌలాబీకి మాత్రం నవ్వు రాలేదు. ఆమె మొగుడు ఖాజా మియా గడపలో కాలు చాపుకుని కూర్చున్నాడు. మడమ పైన పుండు పగిలి, తెల్లటి దారం లాంటి పురుగు తల బయటపెట్టింది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి, రోజుకింత చొప్పున బయటికి లాగుతోంది మౌలాబీ. తొందరపడి లాగినా, కాలు గట్టిగా కదిలించినా పురుగు లోపలే తెగుతుంది. తెగితే కాలు కుళ్లుతుంది. పక్క ఊరిలో అలా కాలు పోయినవాణ్ణి ఆమె కళ్లారా చూసింది.

పోయినేడు కూడా సరిగ్గా విత్తే వేళకే పురుగు లేచింది. అనంతయ్య పటేలు దగ్గర కౌలుకు తీసుకున్న చేను పడావు పడింది. ఈసారి పటేలు ఇవాళ తెల్లారగానే వచ్చి మొహమాటం లేకుండా చెప్పేశాడు: "రేపు పొద్దుగాల వస్త. ఇత్తు పడ్డదా, చేను మీది. పడలేదా, రాములుకిస్త. నన్ను అనొద్దు." ఆ చేను తప్ప వాళ్లకు ఇంకో ఆధారం లేదు.

మొన్న రాత్రి మంచి వాన పడింది. కానీ ఎర్ర చెల్క, పైగా పడమటి గాలి. ఆ పదును రేపటికి ఉండదు. గుంటుక తోలి చేను సిద్ధంగానే ఉంది, విత్తనం మూట కట్టే ఉంది. ఎద్దు మాత్రం ఒకటే. జోడు ఎద్దు పక్కింటి రామచంద్రయ్యది. నిన్నంతా ఆయన తన చేను విత్తుకున్నాడు, అది న్యాయమే. ఇవాళ అడుగుదామంటే అమావాస్య. అమావాస్య నాడు ఎద్దు మెడ మీద కాడి పెట్టిన రైతు ఆ ఊళ్లో పుట్టలేదు.

"ఒక్క ఎద్దును కట్టి నేనే పోత. ఇత్తే గొర్రు ఇటియ్యి" అని ఖాజా మియా గోడ పట్టుకుని లేవబోయాడు.

"అజీ, నీకు దండం పెడ్త, కూసో! కాలు పోయినంక చేను ఏం జేసుకుంటవ్?" అని మౌలాబీ అతని భుజాలు అదిమి కూర్చోబెట్టింది. అంటూనే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే చెంబు పట్టుకుని మంచినీళ్ల కోసం వచ్చాడు గోవిందు. వాకిట్లో నిలబడ్డవాడికి పుండు కనబడింది, ఏడుపు వినబడింది. "ఏమైంది చెల్లె?" అన్నాడు. పరాయివాడికి చెప్పుకోవడమేమిటని ఆమె అనుకోలేదు. కడుపులో ఉన్నదంతా కక్కేసింది. గోవిందు నీళ్లు కూడా ముంచుకోకుండా బావి దిక్కుకు వెళ్లిపోయాడు. వీళ్లకు మా గోస ఏం పట్టింది అనుకుంది మౌలాబీ.

కాసేపటికి వాకిలి నిండా మనుషులు! బావి గిలకకని తెచ్చిన మోకు ఒకడి భుజాన ఉంది. మోచేతుల దాకా నీలం రంగెక్కిన చాంద్ పాషా, ఆ సంఘంలోకెల్లా గట్టి మనిషి, చూరుకు ఆనించిన గొర్రును అమాంతం ఎత్తుకున్నాడు. "ఇత్తనం మూట పట్టుకో అక్క. నడువు" అన్నాడు.

"ఎడ్లేవి?" అంది మౌలాబీ, ఏమీ అర్థం కాక.

"మేము లేమా?" అన్నాడు గోవిందు.

ఈ మాట ఊరంతా పాకడానికి ఎంతసేపు! వాళ్లు చేను చేరేసరికి రామచంద్రయ్య ఎదురొచ్చి గట్టు మీద అడ్డంగా నిలబడ్డాడు. "అమాస నాడు గొర్రు కడ్తర్రా? ఊరికి కీడు!" అని కేకలేశాడు.

"పెద్దయ్యా, ఎడ్లకు కదా ఇయ్యాల సెలవు. మా మెడల మీద కట్టుకుంటే ఎవరికి కీడు?" అన్నాడు గోవిందు నెమ్మదిగా.

తాతముత్తాతలు ఎద్దు సంగతి చెప్పారు గానీ మనిషి సంగతి చెప్పి పోలేదాయె! రామచంద్రయ్య అడ్డం తొలిగాడు.

గొర్రు నొగకు మోకు కట్టి, రెండు వరసలుగా భుజాలకెత్తుకున్నారు. గోవిందు మేడి పట్టాడు. మౌలాబీ పక్కన నడుస్తూ జడ్డిగంలో, అదే గొర్రు మీది విత్తుగిన్నెలో, జొన్నలు వదలడానికి చెయ్యి చాచింది. "బిస్మిల్లా" అంది ఆమె. "జోగులాంబ తల్లీ" అన్నారు వాళ్లు.

ఇక చూడాలి ఆ వేడుక! ఏమాటకామాటే చెప్పుకోవాలి, మొదటి సాలు సంత నుంచి తాగి వచ్చేవాడి నడకలా పోయింది. ముందున్నవాళ్లు ఉరికారు, వెనకున్నవాళ్లు తూలారు, గొర్రు పళ్లు ఒకచోట మన్నే అంటకుండా గాల్లో తేలాయి, ఇంకోచోట దిగబడి కదల్లేదు. పెంటమ్మ గట్టు మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. చాంద్ పాషా పరుగున వెళ్లి ఖాజా మియాను కాలు కదలకుండా వీపున మోసుకొచ్చి గట్టు మీద కూర్చోబెడితే, అతను అక్కణ్ణుంచి "అరె మెల్లగ! ఎద్దు నడక నడువుండ్రి!" అని అరిచాడు.

రెండో సాలు కాస్త నయం. మూడో సాలుకు రామచంద్రయ్యకు ఓపిక చచ్చిపోయింది. రైతు అన్నవాడు కళ్లెదుట విత్తనం ఖరాబవుతుంటే ఎట్లా చూస్తాడు! "ఛీ ఛీ, మేడి గిట్ల పడ్తర్రా ఎవడన్న? ఇటియ్యి!" అని చేలోకి దిగి గోవిందు చేతిలోంచి మేడి లాక్కున్నాడు. గోవిందు వెళ్లి మోకు భుజానికెత్తుకున్నాడు. అప్పటి నుంచి సాలు సాలుగా సాగింది.

మౌలాబీ పెళ్లయిన నాటి నుంచీ విత్తనం వదులుతోంది. ఎప్పుడు తలెత్తినా ముందు రెండు తోకలు ఊగుతూ కనబడేవి. ఇవాళ మనుషుల వీపులు. చెమటతో తడిసి, మోకు కింద చర్మం కమిలి, వంగి వంగి లాగుతున్న వీపులు. వీళ్లలో ఒక్కరి పేరన్నా ఆమెకు సరిగ్గా తెలియదు. ఏ జన్మలో ఏం చేసిందని ఆమెకు ఇది? ఆమెకు భయం వేసింది, ఆనందం కలిగింది, దర్గాలో చాదర్ కింద తల పెట్టినప్పుడు వచ్చే వణుకు లాంటిది ఒళ్లంతా పాకింది. పిడికిట్లో జొన్నలు తడిసి అంటుకున్నాయి. కళ్లు తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.

మిట్టమధ్యాహ్నానికి ఒకడు మొరం రాళ్ల మీద కూలబడిపోయాడు. మోకుకు ఒక చోటు ఖాళీ అయింది. గట్టు మీద నవ్వులు ఎప్పుడు ఆగిపోయాయో ఎవరూ గమనించలేదు. పెంటమ్మ లేచి, గోచి బిగించి, ఎవరి మొహమూ చూడకుండా వచ్చి ఆ ఖాళీలో భుజం పెట్టింది. ఆ తరువాత ఎవరినీ పిలవాల్సిన పని లేకపోయింది. ఎడ్లకు సెలవిచ్చి ఇళ్లలో కూర్చున్న రైతులు ఒకరి వెనక ఒకరు చేలోకి దిగారు. అలసినవాడు తప్పుకుంటే మరొకడు మోకందుకున్నాడు. ఖాజా మియా కేకలు మానేసి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పొద్దు వాలేలోగా చేనంతా విత్తు పడింది. సంఘం వాళ్లు మజ్జిగ తాగి, బావి పని మళ్లీ అమావాస్యకు పూర్తి చేస్తామని చెప్పి, కుంటుకుంటూ గద్వాల దారి పట్టారు.

మర్నాడు పొద్దున్నే అనంతయ్య పటేలు రాములును వెంటబెట్టుకుని వచ్చాడు. మౌలాబీ గట్టు మీద నిలబడి ఉంది. ఆయన చేను వైపు చూసి, మొహం చిట్లించి, కాస్త వంగి మళ్లీ చూశాడు. ఆ గట్టు నుంచి ఈ గట్టు దాకా మనిషి అడుగులే. గిట్ట గుర్తు ఒక్కటీ లేదు. చిన్నవీ పెద్దవీ, వేళ్లు లోతుగా దిగబడినవీ, కొన్నింట్లో ఎండిన నెత్తురు మరకలూ.

"ఎవరిత్తిండ్రు?" అన్నాడు పటేలు. గొంతులో నిన్నటి బింకం లేదు.

"మనుషులు, పటేలా" అంది మౌలాబీ.

పటేలు చేలోకి దిగబోయిన రాములును చెయ్యి పట్టి ఆపాడు. కిర్రుచెప్పులు విడిచి పక్కన పెట్టి, వంగి, గట్టు అంచున ఉన్న ఒక అడుగు గుర్తును వేళ్లతో తాకి ఆ చేతిని కళ్లకద్దుకున్నాడు.

"ఖాజా మియాను కాలు మానేదాంక లేవొద్దని చెప్పు" అన్నాడు మౌలాబీతో. "కలుపుకు నేనే మనుషుల్ని తోలుకొస్త."