తొక్కుడు పెట్టె

మా ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా ముందు దేవుడి ముందుకే పోవాలి. కుక్కరైనా, మొబైలైనా, మా ఆయన మొగుడంపల్లిలో అల్లం పొలానికి కొన్న మోటారైనా సరే. మూడు వేళ్లతో విభూతి రాసి, నడుమ కుంకుమ బొట్టు పెట్టి, ఒక పువ్వు ఉంచి, కొబ్బరికాయ కొట్టాకే దాన్ని వాడుకోవాలి. ఫ్యాన్‌ను పైన బిగించే ముందు కూడా పీట మీద కూర్చోబెట్టి బొట్టు పెట్టాను. అందులో నవ్వడానికి ఏముందో గానీ నా కొడుకు రాజశేఖర్ నవ్వుతాడు. ట్రాక్టర్ ఫ్యాక్టరీలో పని చేస్తూ, ప్రతి దసరాకూ యంత్రాలకు నిమ్మకాయలు కట్టేవాడు నన్ను చూసి నవ్వడమేమిటో.

నా పేరు మహేశ్వరి. జహీరాబాద్‌లో, మా గల్లీలో ఎవరి జాకెట్టు ఒంటికి సరిగ్గా కుదిరినా అది నా మిషన్ మీద కుట్టిందే. ముందరి గదిలో కిటికీ పక్కన, కాలితో తొక్కే పాత మిషన్ అది. కరెంటు మోటార్ పెట్టించుకొమ్మని చెప్పని వాళ్లు లేరు. నా కాలికేం రోగం వచ్చిందని మోటార్?

కోడలు స్నేహ బీదర్ పిల్ల. పెళ్లై వచ్చేటప్పుడు తనతో ఒక గిటార్, దానికి తగిలించే నల్లటి స్పీకర్ పెట్టె తెచ్చుకుంది. కాలేజీలో ఉన్నప్పుడు స్టేజీల మీద వాయించేదట. ఆ పెట్టెను మా ఇంట్లో ఒకే ఒక్కసారి పెట్టింది. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు మావి. పెట్టె గుర్రుమనగానే పక్కింటి నారమ్మ చేతిలో పాలగిన్నెతోనే పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగింది. నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పడుకున్న రాజశేఖర్ మంచం మీద లేచి కూర్చున్నాడు.  స్నేహ పెట్టె తీగ పీకేసి, గిటార్‌ను సంచిలో పెట్టి బీరువా మీదికి ఎక్కించింది. ఆ తర్వాత దాన్ని దించడం నేను చూడలేదు. దుమ్ము దులిపినప్పుడల్లా ఆ సంచిని చూస్తే నాకు మనసు అదోలా అయ్యేది. అడిగితే ఏం చెబుతుందోనని అడిగేదాన్ని కాదు.

ఈ ఏడు ఫ్యాక్టరీ వాళ్లు పనివాళ్ల కుటుంబాలకు ఒక పండుగలాంటిది పెట్టారు. ఆటలు, పాటలు, భోజనాలు. రాజశేఖర్ వెళ్లి పాటల్లో స్నేహ పేరు ఇచ్చి వచ్చాడు. ఆమె మొదట వద్దంది. రెండో రోజు నా దగ్గరికి వచ్చి మిషన్ పక్కన కూర్చుంది.

"అత్తమ్మా, ఇంట్ల సప్పుడు చేయకుంట నేర్చుకునేతందుకు ఒక చిన్న పెట్టె ఉంటది. యాంప్ మోడలింగ్ పెడల్ అంటరు. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే నాకొక్కదానికే ఇనపడతది. కొందామా?"

అంతకు ముందు ఆమె తనకంటూ నన్ను ఏదీ అడిగి ఎరుగదు. ఆ పెట్టె ఏమిటో తెలియకుండానే పోదాం పద అన్నాను. మా వాడికి బేరమాడటం చేతకాదు, ఎంత చెప్తే అంతకు తలూపుతాడు. అందుకని వాడిని పడుకోనిచ్చి మేమిద్దరమే హైదరాబాద్ బస్సెక్కాం.

వాయిద్యాల దుకాణంలో అతను అద్దాల బల్ల మీద పెట్టి చూపించిన వస్తువు నా సూదుల డబ్బా కంటే కొంచెం పెద్దది, అంతే. పైన చిన్న తెర, రెండు మీటలు, నాలుగు తిప్పుడు గుండీలు.

"గింత డబ్బలకెల్లి అంత పెద్ద స్పీకర్ సప్పుడు ఎట్లొస్తది?" అని అడిగాను.

"పెద్ద పెద్ద పెట్టెలు ఒక్కొక్కటి ఒక్కో తీరు పలుకుతయి గదమ్మా," అన్నాడు అతను. "గా గొంతులన్నీ ఇది నేర్చుకున్నది. మనకేది కావాల్నంటే అట్ల పలుకుతది."

"అంటే మిమిక్రీ చేస్తదన్నట్టు."

"గంతే."

స్నేహ ఇయర్‌ఫోన్ పెట్టుకుని దుకాణం వాళ్ల గిటార్ ఒకటి అందుకుంది. నాకు తీగల టిక్కుటిక్కు తప్ప ఏమీ వినపడలేదు. ఆమె మొహం మాత్రం కనపడింది. పెళ్లి ఫొటోల్లో కూడా నేను ఆ మొహం చూడలేదు. వెంటనే లేచి ఆమెకూ దుకాణం అతనికీ మధ్య అడ్డంగా నిలబడ్డాను. ఆ మొహాన్ని అతను చూశాడంటే ఇక రూపాయి తగ్గిస్తాడా?

"మంచిగనే ఉంది గని రంగే బాగలేదు," అన్నాను. ఆ మీద జరిగిన బేరం మీకెందుకు గానీ, చివరికి అతను తగ్గించాడు, ఒక తీగ ఊరికే ఇచ్చాడు. దీనికి సంచి రాదా అంటే రాదన్నాడు. సరే, మిషన్ ఉన్నదాన్ని, సంచి కోసం అతన్ని బతిమాలతానా?

ఒక్క సంగతి మాత్రం ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. బల్ల మీద ఉన్న పెట్టె కాబట్టి దుకాణం అతను మీటలను వేలితో నొక్కాడు. స్నేహ కూడా వేలితోనే నొక్కింది. వేలితో నొక్కేదే అనుకున్నాను నేను.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి దాన్ని దేవుడి ముందు పెట్టాను. ఝరాసంగం గుడి నుంచి తెచ్చిన విభూతి మూడు గీతలుగా రాసి, రెండు మీటల మధ్య కుంకుమ పెట్టి, గన్నేరు పువ్వు ఉంచి, కొబ్బరికాయ కొట్టాను. నీళ్లు దాని మీద పడకుండా జాగ్రత్త కూడా పడ్డాను. కళ్లకద్దుకుని స్నేహ చేతికిచ్చాను. ఆమె దాన్ని తీసుకెళ్లి నేల మీద పెట్టింది. గిటార్ భుజానికి తగిలించుకుంది. కాలెత్తింది.

"ఆగు," అన్నాను.

ఆమె కాలు గాల్లోనే ఆగిపోయింది.

"దాని మీద కాలు పెడతవా?"

"ఇది కాలితోనే తొక్కేది అత్తమ్మా. రెండు చేతులు గిటార్ మీద ఉంటయి గద."

"బొట్టు పెట్టిన. దేవుని ముంగట ఉంచి తెచ్చిన. పాట పలికే వస్తువు. నా కండ్ల ముందర దాన్ని తొక్కుతవా?"

లోపలి నుంచి రాజశేఖర్ కళ్లు నులుముకుంటూ వచ్చాడు. సంగతి విని వాడు నవ్వలేదు, అప్పుడే నాకు కొంచెం భయం వేసింది.

"అమ్మా, నువ్వు మిషన్ తొక్కుతలేవా? దానికి బొట్టు పెట్టవా?" అన్నాడు.

"మిషన్ తలకు పెడతరా బొట్టు. కింద తొక్కుడు పలకకు పెట్టను. దీనికి తలా కాలూ ఒక్కకాడనే ఉన్నయి, నేనేం జేయాలె?"

  స్నేహ గిటార్ భుజం మీంచి తీసింది. ఆమె కట్టుకున్న పాట మొదలు నెమ్మదిగా ఉంటుందట, నడుమ ఒక్క క్షణంలో గొంతు మారి గట్టిగా లేవాలట. ఆ క్షణంలో మీట తొక్కకపోతే పాట లేదు. ఇదంతా ఆమె విడమరిచి చెప్పింది. తర్వాత పెట్టెను పువ్వుతో సహా తీసి నా మిషన్ బల్ల మీద పెట్టింది.

"పోనియ్యండి అత్తమ్మా. పేరు తీసేయుమని ఆయనతోని చెప్త. గిటార్ బీదర్‌కు పంపిస్త, మా తమ్ముడన్న వాయించుకుంటడు. ఇక్కడ ఊకే దుమ్ము పట్టుడెందుకు?"

కోపంగా అని ఉంటే నేనూ ఒకటి అనేదాన్ని, నా నోరు ఊరుకునేది కాదు. కానీ ఆమె మెల్లగా అన్నది. గిటార్ పంపడం గురించి ఎన్నాళ్ల నుంచో ఆలోచిస్తున్న మనిషి అన్నట్టు అన్నది. ఆమె వంటింట్లోకి వెళ్లి గిన్నెలు సర్దుతుంటే నేను నారమ్మ జాకెట్టు ముందేసుకున్నాను. కుడి చేయి తీసి ఎడమ వైపు కుట్టాను. ఇన్నేళ్లలో అలాంటి పని చేసి ఎరుగను. కుట్టు విప్పుతూ కూర్చున్నాను. గిటార్ ఇంట్లోంచి పోతే ఆ దుకాణంలో చూసిన మొహం కూడా పోతుందని నాకు తెలుసు.

దారం పళ్లతో తెంపి, వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"కాలు పెట్టొద్దన్నది నేను. అందుకని చెయ్యి పెట్టేది గూడ నేనే. స్టేజి మీద నీ పక్కన కూసుంట. ఎప్పుడు ఒత్తాల్నో చెప్పు, ఒత్తుత."

స్నేహ నన్ను చూసి నవ్వాలో వద్దో తెలియనట్టు నిలబడింది. "అందరి ముంగట కూసుంటరా?" అని అడిగింది. "పట్టుచీర కట్టుకోని కూసుంట," అన్నాను.

అలా మొదలైంది మా సాధన. ఆమె కుర్చీలో, నేను పక్కన చాప మీద. ఇయర్‌ఫోన్ ఒకటి ఆమె చెవిలో, ఒకటి నా చెవిలో. మొదటిసారి ఆ పాట విన్నాను. తెల్లవారుజామున వాకిట్లో నీళ్లు చల్లినంత నెమ్మదిగా మొదలైంది. నా పక్కన తిరుగుతూ కూర అడిగి, ఉప్పు అడిగి, ఇంకేమీ మాట్లాడని పిల్లలో ఇంత ఉందా అనుకున్నాను. అలా అనుకుంటూ ఉండగానే ఆమె తల ఊపింది, నేను మీట నొక్కేలోపు ఆ క్షణం దాటిపోయింది.

"పర్వాలేదు అత్తమ్మా, మళ్ల చేద్దాం."

మళ్లీ చేశాం. మళ్లీ ఆలస్యం. ఆమె తల ఊపడం చూసి నొక్కితే ఆలస్యం, ముందే నొక్కుదామంటే మరీ ముందు. రోజూ ఇదే వరస. నా మీద నాకే చిరాకు. ఆమె ఒక్కసారి కూడా విసుక్కోలేదు, అది ఇంకా బాధ. పండుగ ముందు రోజు మధ్యాహ్నానికి కూడా నా చేయి దారికి రాలేదు. రేపు అందరి ముందూ నా మూలంగా ఈ పిల్ల పాట చెడుతుందని తలుచుకుంటే నాకు అన్నం సయించలేదు.

అప్పుడే నారమ్మ తన జాకెట్టు కోసం వచ్చింది. గుమ్మంలో కూర్చుని కాసేపు మా తంతు చూసింది. ఆమెకు పాట వినపడదు, మేం మాత్రమే కనపడతాం.

"ఏమే మహేశ్వరీ," అంది. "చెయ్యేమో నిద్రవోతున్నది. మరి గా కాలెందుకు అట్ల తొక్కుతున్నవ్?"

కిందికి చూసుకున్నాను. చాప అంచు దాటిన నా కుడి పాదం గచ్చును ఒత్తి ఉంది. మళ్లీ మొదటి నుంచి వాయించమన్నాను. ఈసారి పెట్టె వైపు చూడలేదు, స్నేహ తల వైపూ చూడలేదు. నా పాదాన్నే చూశాను. సరిగ్గా పాట మారాల్సిన చోట అది తనంతట తానే నేలను తొక్కింది. వేలు ఇంకా మీట మీద ఆలోచిస్తూనే ఉంది. మిషన్ మీద నా చేతులు గుడ్డను పట్టుకుంటాయి, అంతే. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఉరకాలో అంతా కాలి పనే. ఆ పెట్టె చేసినవాడు పిచ్చివాడేం కాదు.

లేచాను. వంగి ఆ పెట్టెను తాకి, చేతిని కళ్లకద్దుకున్నాను. "ఏమనుకోకు తల్లీ," అని దానితోనే చెప్పుకున్నాను. చెవిలోది ఊడకుండా పట్టుకుని, "వాయించు బిడ్డా," అన్నాను.

ఆ చోటు రాగానే కాలితో తొక్కాను. చెవిలో పాట ఒక్కసారిగా లేచి నిలబడింది. స్నేహ ఆపలేదు, కళ్లు మూసుకుని చివరిదాకా వాయించింది.  నాకైతే ఎగిరి గంతేయాలనిపించింది, మోకాళ్లు ఒప్పుకోవు కాబట్టి ఊరుకున్నాను.

తడిగుడ్డ తెచ్చి పెట్టె మీది విభూతి, కుంకుమ తుడిచాను. అదే విభూతి, అదే కుంకుమ మళ్లీ తీసి, ఈసారి గిటార్ పైకొసన, తీగలు చుట్టే మరలు ఉన్న చోట పెట్టాను.

"తల గిది," అన్నాను స్నేహతో. "కాలు గది. ఇగ నువ్వే తొక్కు. నీ పాట నడుమల నేనెందుకు?"

"పట్టుచీర తీసి పెట్టుకున్నరు గద అత్తమ్మా."

"కట్టుకుంట. కింద కూసోని ఇంట."

మర్నాడు ఫ్యాక్టరీ మైదానంలో ముందు వరసలో కూర్చున్నాను. ఒక పక్కన రాజశేఖర్, ఇంకో పక్కన నారమ్మ. ఆమె ఫ్యాక్టరీ మనిషి కాకపోయినా వస్తానంటే నేనే తీసుకొచ్చాను. స్నేహ స్టేజీ ఎక్కి, నేను కుట్టిన సంచిలోంచి పెట్టె తీసి పాదాల ముందు పెట్టింది. తీగ తగిలించింది. చెప్పులు విడిచింది. వాయించే ముందు వంగి పెట్టెను తాకి చేతిని కళ్లకద్దుకుంది. నేను చెప్పలేదు ఆ పని చేయమని.

పాట నెమ్మదిగా మొదలైంది. ఈసారి నా ఒక్క చెవిలో కాదు, మైదానమంతా. పిల్లల గోల సద్దుమణిగింది. ఆ చోటు దగ్గరపడుతుంటే కుర్చీ అంచుకు జరిగాను. ఆ చోటు వచ్చింది, తొక్కాను. అక్కడ స్టేజీ మీద స్నేహ కూడా తొక్కింది. పాట లేచింది.

"అబ్బ, నా కాలే," అంది నారమ్మ. చూస్తే నా పాదం కింద ఉన్నది ఆమె పాదం.

కళ్లు స్టేజీ మీంచి తిప్పకుండానే వంగి ఆమె కాలిని తాకి, చేతిని కళ్లకద్దుకున్నాను. చేయి తడిగా వచ్చింది.