ఊపిరికి చోటు

గొర్రె కడుపు మీది ఉన్ని గొరుగుతూనే ఇసోయె ఓరకంట డాక్టరు నగసె చేతుల్ని గమనిస్తోంది. గ్లవుజులు తొడిగిన చేతులంటే ఆమెకు నమ్మకం లేదు. ఇసోయెది సన్నటి ఒళ్ళు, చలికి పగిలిన వేళ్ళు. తొత్తోరి కొండమీది ఈ పరిశోధనశాల కొట్టంలో మేత వేస్తూ, పెంటికలు ఎత్తుతూనే ముసలిదైపోయింది.

గొర్రె కడుపులో కవలలు. కొన్ని వారాల కిందట నగసె వాటికి పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే పొరలో చిల్లు పెట్టాడు. పేగులు పైకెక్కితే ఊపిరితిత్తులు ఎదగవట. తర్వాత ఒకదానికే గొంతులోంచి ఎదుగుదల మందు ఎక్కించాడు. రెండోదానికి, తేడా తెలియడానికి, ఉత్త ఉప్పునీరు.

"మందు మారిపోలేదని ఏంటండీ నమ్మకం?" అంది ఇసోయె.

"మీకు మీ నీడ మీద కూడా అనుమానమే," నవ్వాడు నగసె.

నవ్వేవాళ్ళను ఆమె అసలే నమ్మదు. ఏళ్ళ కిందట తన కాన్పు రోజున భర్త అక్క మసునో వదిన కూడా నవ్వుతూనే వచ్చింది. ఊళ్ళో కాన్పులన్నీ ఆమె చేతి మీదే. ఇసోయెకు పుట్టిన మగపిల్లాణ్ణి తెరచాటుకు తీసుకెళ్ళింది; తిరిగి తెచ్చేసరికి నీలంగా ఉన్నాడు. ఏ వంకా లేని బిడ్డ ఊరికే ఎలా పోతాడు? ఆ చేతుల్లోనే ఏదో జరిగిందని ఇసోయె తీర్మానించుకుంది. పైకి అనలేదు, కానీ ఆడపడుచు గడప మళ్ళీ తొక్కలేదు. మసునో ఏటా పంపే మోచి బియ్యపు ముద్దల్ని కోళ్ళకు వేసింది.

నగసె కోత పెట్టి తీసిన మొదటి పిల్ల తుమ్మి, అరిచింది. రెండోదీ చూడ్డానికి అంతే చక్కగా ఉంది. నోరు తెరిచింది. నగసె గొట్టం వేసి గాలి కొట్టాడు, ఛాతీ రుద్దాడు. దాని నాలుక నల్లబడింది.

"ఏం చేశారు దాన్ని? నా కళ్ళముందే!" ఇసోయె అరిచింది.

నగసె దాని ఛాతీ కోసి చూపించాడు. అంతా పేగులే. ఊపిరితిత్తి గుప్పెట్లో దాగేంత.

"మందు ఎక్కించనిది ఇదే. దీనికి చిల్లు నేనే పెట్టాను. మనుషుల్లోనూ కొందరు పిల్లలకి తల్లి కడుపులోనే ఈ చిల్లు ఉంటుందండీ. పైకి ఏ లోపమూ కనబడదు. ఛాతీ ఉబ్బి, పొట్ట మాత్రం లోపలికి పోయుంటుంది. అప్పట్లో ఎంత చెయ్యితిరిగినవాళ్ళు పట్టుకున్నా దక్కేవాళ్ళు కాదు."

"పొట్ట లోపలికా?"

"ఆఁ, గుంటలా."

ఆనాడు వదిన తీసుకెళ్ళకముందు తన బిడ్డ చిన్ని పొట్ట మీద అరచెయ్యి వేసింది ఆమే. పల్లంగా తగిలింది. ఆకలేసి ఉంటుందనుకుంది.

ఇసోయె చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. సిగ్గూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. సాయంత్రం మేత కూడా వేయకుండా బస్సెక్కింది. "వదినా, నీ తప్పేం లేదు" అన్న ముక్కనే దారంతా కూడబలుక్కుంది.

మసునో ఇంటి గుమ్మంలో చాలా జతల చెప్పులున్నాయి. పక్కింటావిడ ఎగాదిగా చూసింది.

"ఇప్పుడా తల్లీ రావడం? మధ్యాహ్నం బట్టలారేస్తూ అలా అరుగు మీద కూర్చుంది. పిలిస్తే పలకలేదు."

ఇసోయె లోపలికి పోలేక పెరట్లోకి నడిచింది. అక్కడ బట్టలారేసే వెదురు గడకు మసునో తెల్లటి వంటింటి అంగీ ఒక చెయ్యి మాత్రమే ఎక్కించి ఉంది. రెండో చెయ్యి నేలవైపు తడితడిగా వేలాడుతోంది.