చెప్పుల స్టాండు మీది ఫోను

గాజా యుద్ధం ఆపడానికి ఈజిప్టులో మాటలు జరుగుతున్నాయని టీవీలో చెబుతున్నప్పుడు నాకు బాగా అర్థమైన సంగతి ఒకటే. ఇజ్రాయెల్ వాళ్ళూ పాలస్తీనా వాళ్ళూ ఒకచోట కూర్చోరు. వీళ్ళొక గదిలో, వాళ్ళొక గదిలో ఉంటారు. మధ్యవాళ్ళు కాగితం పట్టుకుని ఇటూ అటూ తిరుగుతారు. కువైట్‌లో, హవల్లీలో నేను పనిచేసే ఫ్లాట్‌లో తొమ్మిది రోజులుగా నా పనీ అదే.

హాల్లో బాబా నిదాల్, అంటే ఇంటి యజమాని, ఉంటాడు. అహ్మదిలో చమురు కంపెనీ ఇంజినీరు. కంపెనీకి సెలవు పెట్టి మరీ టీవీ ముందు కూర్చున్నాడు. వంటింటి పక్క గదిలో ఆయన తల్లి హజ్జా, ఇంకో టీవీ ముందు. వాళ్ళది పాలస్తీనా. హజ్జా చెల్లెలు సల్మా గాజాలో, ఖాన్ యూనిస్ దగ్గర గుడారంలో ఉంది. మామా, అంటే ఆయన భార్య, పిల్లల చదువుల కోసం అమ్మాన్‌లో ఉంటుంది కాబట్టి ఇంట్లో మేం ముగ్గురమే.

తల్లీకొడుకుల గొడవ ఆ కాగితం గురించే. ఏం రాసి ఉన్నా సరే సంతకం పెట్టెయ్యాలి, నా చెల్లెలు కళ్ళు మూసుకుని పడుకోవాలి అని హజ్జా అంది. మొదటి విడతలో ఇజ్రాయెల్ వాళ్ళు తమవాళ్ళను విడిపించుకుని రెండో విడత రాకముందే మళ్ళీ బాంబులేస్తే పూచీ ఎవరు, మనకంటూ దేశం ఎప్పుడిస్తారో అందులో ఎక్కడ రాశారు అని బాబా అన్నాడు. ఇద్దరిదీ నిజమే అనిపించింది నాకు. ఆ పూటనుంచి వాళ్ళకు మాటల్లేవు.

"ఏసీ కింద కూర్చుని యుద్ధం చేసేవాడికి కూడు కావాలేమో కనుక్కో," అని హజ్జా నన్ను పంపేది. నేను నడవా దాటి వెళ్ళి, మీరు తిన్నారా అని హజ్జా అడుగుతున్నారు అనేదాన్ని. చెల్లెలొక్కత్తి కోసం అందరి నేలా రాసిచ్చేస్తుందా అని బాబా కసిరేవాడు. నేను వెనక్కి వచ్చి, బాబా కూడా మీ చెల్లెలి గురించే దిగులు పడుతున్నారు అనేదాన్ని.

ఎదురు ఫ్లాట్‌లో పనిచేసే షరీఫా బీది మా రాయచోటి పక్కనే. చెత్త సంచి బయట పెట్టేటప్పుడు ఈ సంగతి చెబితే నవ్వింది.

"నువ్వు గూడా ఆ ఈజిప్టుకు పోరాదా సంజీవమ్మా. ఈడకంటే జీతం బాగనే ఇస్తారు." వెంటనే గొంతు తగ్గించింది. "పాప సంగతి మాత్రం నోరు జారొద్దు. సైప్రస్ అంటే సైప్రస్సే."

నా కూతురు వెంకటేశ్వరి సైప్రస్‌లో లేదు. ఇజ్రాయెల్‌లో, అష్కెలోన్ అనే ఊళ్ళో ఒక ముసలామెను చూసుకుంటుంది. స్నానం చేయించాలి, తినిపించాలి, సైరన్ మోగితే చక్రాల కుర్చీ తోసుకుంటూ మందపాటి గోడల గదిలోకి పరిగెత్తాలి. ఆ ముసలామె మనవడు సైన్యంలో ఉన్నాడు. మా ఆయన పోయాక నేనిక్కడా అదక్కడా సంపాదించుకుంటేనే మాకు గడిచేది. రెండేళ్ళుగా ఈ సంగతి కడుపులో పెట్టుకుని హజ్జాకు తల దువ్వుతున్నాను. తెలిస్తే బాబా నన్ను ఉంచుకోడు. నా ఇఖామా, ఇక్కడ ఉండనిచ్చే కాగితం, వచ్చే నెలతో అయిపోతుంది. కొత్తది చేయించాల్సింది ఆయనే. ఈ వయసులో నన్ను ఇంకెవరు పెట్టుకుంటారు?

సల్మా ఫోను చేసి ఆరు రోజులైంది. ఆమెకు సొంత ఫోను లేదు. ఎవరిది దొరికితే దాన్నుంచి చేస్తుంది. ఆ నంబర్లు ఒకసారి 970తో, ఒకసారి 972తో మొదలవుతాయి. తన పాత ఫోను ఒక్కోసారి మోగదని హజ్జా నా నంబరు కూడా ఆమెకిచ్చింది. వెంకటేశ్వరిది ఇజ్రాయెల్ నంబరు కాబట్టి అదీ 972తోనే మొదలవుతుంది. ఎవరైనా చూస్తారని దానికి పేరు కూడా పెట్టుకోలేదు. అందుకే ఫోను జేబులోంచి తీసేదాన్ని కాదు.

ఆ మధ్యాహ్నం చార్జింగ్ అయిపోయింది. ఫోను వంటింట్లో చార్జింగ్‌కు పెట్టి బాబాకు టీ తీసుకెళ్ళాను. టీవీలో ఒకాయన ఇంకా ఏదీ తేలలేదని, విడిచిపెట్టాల్సిన ఖైదీల పేర్ల జాబితా దగ్గర ఆగిందని చెబుతున్నాడు. ఖాళీ గ్లాసు కోసం నిలబడి నేనూ విన్నాను. తిరిగొచ్చేసరికి హజ్జా వంటింటి గోడకు ఆనుకుని నా ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉంది. "సల్మా, సల్మా" అంటోంది. అవతలి గొంతు గుమ్మం దాకా వినబడుతోంది.

"అమా, ఎవురు మాట్లాడేది? నేనేమా. ఈడ అందురూ టీవీ ముందరే ఉండారు. అయిపోతాదంటా ఉండారు."

హజ్జా ఫోను ఆపేసి అంకెలు చూసింది. అమా అంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఏళ్ళ తరబడి నా ఫోనులో విన్నదే.

"నీ కూతురు," అంది. "ఎక్కడుంది?"

అబద్ధం కోసం వెతుక్కున్నాను. సైప్రస్ అన్న మాట కూడా నోటికి రాలేదు.

"అష్కెలోన్."

"మజ్దల్," అంది హజ్జా. ఇజ్రాయెల్ రాకముందు ఆ ఊరికి ఉన్న పాత పేరు అది. "మా నాన్న మగ్గం అక్కడుండేది."

ఎవరింట్లో అని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాక ఆపలేకపోయాను. ముసలామె గురించి, సైరన్ గురించి, మనవడి గురించి అంతా చెప్పేశాను. పొయ్యి మీద అన్నం అడుగంటిన వాసన వస్తే వెళ్ళి ఆపాను. హజ్జా స్టూలు మీద కూర్చుని ఫోనునే చూస్తోంది.

"వెళ్ళి నిదాల్‌కు చెప్పు," అంది.

"హజ్జా, నా ఇఖామా..."

"చెప్పు. ఈసారి మాట మార్చకు." చేతికర్రతో నేలమీద తట్టింది. "మారుస్తున్నావని నాకు తెలుసు. నా కొడుకు పుట్టినప్పటినుంచి ఎప్పుడూ అంత మెత్తగా మాట్లాడలేదు."

నడవా పదిహేను అడుగులుంటుంది. సగంలో ఆగి, వెనక్కి పోదామా అనుకుని, మళ్ళీ నడిచాను. బాబా ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మనవడి సంగతి మింగేద్దామనిపించింది. అయినా అదీ చెప్పాను.

బాబా టీవీ శబ్దం తగ్గించాడు. "అమ్మకు తెలుసా?"

"ఆమే చెప్పమన్నారు."

ఆయన లేచి నన్ను దాటుకుని తల్లి గదికి వెళ్ళాడు. తొమ్మిది రోజుల్లో అదే మొదటిసారి. తలుపు పడింది. నేను నడవాలో నిలబడిపోయాను. మోయడానికి మాటలు లేవు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లోపల బాబా అరుస్తున్నాడు. ఈ దేశంలో ఆ దేశంతో మాట్లాడితే నేరం, పోలీసులు నా గుమ్మంలోకి వస్తారు, ఆ సైనికుడి ఇంటి అన్నం ఈమె కూతురు తింటోంది అంటున్నాడు. ఆ తర్వాత హజ్జా గొంతు.

"ఆ పిల్ల అక్కడ ఒక ముసలిదాని ముడ్డి కడుగుతోంది. దాని తల్లి ఇక్కడ నాది కడుగుతోంది. వీళ్ళిద్దర్నీ వెళ్ళగొడితే మన నేల మనకొస్తుందా?"

తర్వాత మళ్ళీ కాగితం గొడవే ఎత్తుకున్నారు. ఈసారి మెత్తబరిచేవాళ్ళు లేరు. చాలాసేపు సాగింది.

బాబా బయటికొచ్చి గోడవైపు చూస్తూ చెప్పాడు. "ఇఖామా ఒక ఏడాదికి చేయిస్తాను. తర్వాతిది తర్వాత. కానీ ఆ నంబరు ఈ గుమ్మం లోపల మోగకూడదు. ఫోను బయట పెట్టు. మాట్లాడాలంటే వీధిలోకి పోయి మాట్లాడుకో. ఖలాస్."

నాకు దొరికిందీ మొదటి విడతే. తల ఊపాను.

ఫోను తీసుకెళ్ళి తలుపు బయట చెప్పుల స్టాండు మీద పెట్టాను. షరీఫా బీ తలుపు తీసి చూసింది.

"ఇదేందే, చెప్పులతోపాటు ఫోను గూడా ఇడిసినావే?"

లోపలికొచ్చి అడుగంటిన గిన్నె తోమడానికి కూర్చున్నానో లేదో హజ్జా పిలిచింది. సల్మా దగ్గర ఉన్నది కూడా నీ నంబరే కదా, వెళ్ళి చూసిరా అంది. చూసొచ్చాను. మరో పది నిమిషాలకు మళ్ళీ పంపింది. నాకూ అదే కావలసింది. అటు సైరన్ మోగిందేమో, ఫోను మధ్యలో తెగితే పిల్ల ఏమనుకుందో అని నాకూ దిగులుగానే ఉంది. అయిదోసారి తలుపు మూయకుండానే వచ్చేశాను. చల్లగాలంతా బయటికి పోతోంది. హాల్లోంచి చూస్తూ కూడా బాబా తలుపు వెయ్యమనలేదు.

రెండు టీవీల్లోనూ ఇంకా మాట్లాడుతూనే ఉన్నారంటున్నారు.

సాయంత్రం అసర్ నమాజు పిలుపు అయిపోయాక స్టాండు చెక్క గరగరమంది. ఎవరి తోలు చెప్పుల మీదో ఫోను అదురుతోంది. చేతుల సబ్బు తుడుచుకోకుండానే లేచాను. వెనకే హజ్జా చేతికర్ర నేలకు తగులుతున్న చప్పుడు. దాని వెనక, హాల్లో బాబా కుర్చీ జరిగింది.