పట్టు అన్న మాట

పరుగంటే ఆమెకు ఏనాడూ భయం లేదు. వంద మీటర్ల పందెంలో పక్కన ఎంత పేరున్న మనిషి నిలబడినా ఖాతరు చేసేది కాదు. ఎన్ని దేశాలు తిరిగిందో ఆమె పెట్టెనే అడగాలి. ఆమె భయమల్లా రిలేలో చేతులు మారే ఆ బ్యాటన్‌తోనే. మూరెడు కూడా ఉండదు, దాన్ని చూస్తే ఆమెకు పైప్రాణాలు పైనే పోయేవి.

ఊరికే రాలేదు ఆ భయం. కిందటేడు పెద్ద పోటీల ఫైనల్లో ఆఖరి పరుగు ఆమెది. మూడో అమ్మాయి వెనకనుంచి అందించిన బ్యాటన్ చేతిలో పడ్డట్టే పడి నేలమీద దొర్లింది. తిరుగు ప్రయాణంలో ఎవరూ ఆమె పక్కన కూర్చోలేదు. అప్పటిదాకా నోరారా 'అక్కా' అన్నవాళ్ళే చాటున 'నూనెచెయ్యి' అని పేరు పెట్టారు. చాటుమాటలకే కాళ్ళెక్కువ కాబట్టి అది ఆమెదాకా వచ్చింది. అప్పటినుంచి నిద్రలో కూడా పిడికిలి బిగించేది. "నా దుప్పటేం పాపం చేసిందే?" అని మొగుడు నవ్వేవాడు. ఆమెకు నవ్వు వచ్చేది కాదు.

ఈసారీ ఫైనల్‌కు చేరారు. ఈసారీ ఆమెకు బ్యాటన్ అందించేది ఆ మూడో అమ్మాయే. సన్నటి పొడుగు కాళ్ళ పిల్ల, అందరూ మిడత అంటారు. వేరే శిబిరంలో శిక్షణ పొంది ఈ జట్టులోకి వచ్చింది. సాధనలో నెమ్మది మీద ఎలాగో అందేది. ఎప్పుడైనా జారితే పరుగు నేర్పే మాస్టారు పెద్దదని ఈమె చేతినే తిట్టేవాడు. "ఈసారి కూడా పడేశావో, ఇక ఇంట్లో కూర్చో" అని బయల్దేరేముందు అందరిముందూ అనేశాడు.

పందేనికి ముందు ఆటగాళ్ళను కూర్చోబెట్టే గదిలోకి మాస్టార్లను రానివ్వరు. బల్లమీద నలుగురూ వరసగా కూర్చున్నారు. ఒక అధికారి వంగి బూట్ల మేకులు చూస్తున్నాడు. ఆమె నాలుక పిడచకట్టుకుపోయింది. మిడత గమనించి నీళ్ళ సీసా తీసింది.

"పట్టక్కా."

ఆమె చెయ్యి చాపింది. వేళ్ళు ముడుచుకునేలోపే మిడత సీసా వదిలేసింది. సీసా దభీమని పడి నీళ్ళు బూట్లమీదికి చిందాయి. గదిలో తలలన్నీ ఇటు తిరిగాయి. ఆమె కాళ్ళు వెనక్కి లాక్కుంది. ఇక్కడే ఇలా అయితే అక్కడేం కాను?

"అలా వదిలేశావేంటే?"

"పట్టు అన్నాను కదక్కా!"

"పట్టు అంటే చెయ్యి చాచి పట్టమని కదే?"

"కాదక్కా, పట్టుకోమని. మా శిబిరంలో చెయ్యి ముందే చాపి ఉంచుతారు. పట్టు అనగానే మేం వదిలేస్తాం."

ఇద్దరూ నోరు తెరుచుకుని ఒకరినొకరు చూసుకున్నారు. ఏడాదిగా ఒకే మాటను చెరో రకంగా వింటున్నారు. ఆమెకు ఏడవాలనిపించింది, మిడతను పట్టుకుని కొట్టాలనీ అనిపించింది. రెంటికీ వ్యవధి లేదు.

"ఇవాళ 'చెయ్యి' అను. నేను బిగించేదాకా ప్రాణం పోయినా వదలకు."

"అలవాటుకొద్దీ నోటికి పట్టే వస్తే?"

ఈలోగా జట్టు పేరు పిలిచారు.

ఆమె వెళ్ళి మలుపు దగ్గర నిలబడింది. అలవాటైన మాట వినబడితే తన చెయ్యి ఏం చేస్తుందో తనకే తెలియదు. మిడత మూడో స్థానంలో దూసుకొస్తోంది. నేలమీద పెట్టుకున్న గుర్తు దాటింది. ఆమె ముందుకు తిరిగి పరుగు అందుకుంది. వెనక అడుగుల చప్పుడు దగ్గరైంది.

మాట రాలేదు.

పట్టూ లేదు, చెయ్యీ లేదు. పిల్ల భయంతో రెండూ మరిచిపోయింది. వెనక్కి చూస్తే వేగం పోతుంది, చూడకపోతే బ్యాటన్ మార్చుకోవాల్సిన హద్దు దాటిపోతుంది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి వెనక్కి చాపింది.

బ్యాటన్ అరచేతికి తగిలింది. బిగించింది, లాగింది, రాలేదు. అటువైపు మిడత కూడా ప్రాణం ఉగ్గబట్టుకుని దాన్నే పట్టుకుంది.

"వదలవే!" అని ఆమె గావుకేక పెట్టింది.

మిడత వదిలింది. ఆమె ఒళ్ళు తెలియకుండా పరిగెత్తింది. తెరమీద జట్టు పేరు నాలుగో వరసలో వచ్చింది. పతకం రెప్పపాటులో పోయింది. ఆ లాగులాటలో పోయిన రెప్పపాటే అని ఆమెకు తెలుసు.

మిగతా ఇద్దరూ దూరంనుంచే మలుపువైపు చూస్తున్నారు. అక్కడ మిడత ఒక్కతే మోకాళ్ళలో తల దాచుకుని కూర్చుంది. దాని దగ్గరికి ఎవరూ పోవడం లేదు.

ఆమె బ్యాటన్ పట్టుకుని అక్కడిదాకా నడిచింది. అడుగుల చప్పుడుకి మిడత తలెత్తి, దెబ్బ పడుతుందన్నట్టు భుజాలు ముడుచుకుంది.

"పతకం పోయిందా అక్కా?"

"పోయింది."

"నావల్లేనా?"

అబద్ధం ఆడదామనుకుంది, నోరు రాలేదు. "నీవల్లే" అంది. "లే, బస్సులో నా పక్కన కూర్చుందువుగాని."