రైట్ అనేదాకా

బల్బుల ఫ్యాక్టరీలో ఆమె పని ఒకటే. బెల్టు మీద వరసగా వచ్చే బల్బుల్ని వెలిగించి చూడడం, మినుకుమన్నదాన్ని తీసి పక్కన పడేయడం. ఏళ్ళ తరబడి అదే పనిలో ఉన్న మనిషికి వెలిగేదాని మీద కంటే ఆరిపోబోయేదాని మీదే చూపు నిలుస్తుంది. షిఫ్టు దిగగానే చేతులు కడుక్కుని తిన్నగా తల్లి ఉన్న వృద్ధుల హోమ్‌కి వెళ్ళేది. వెళ్ళి, అక్కడ ఇంకో డ్యూటీ ఎక్కేది.

గుమ్మంలోనే ఆగి వాసన చూసేది. ఫినాయిల్ వాసన రాకపోతే, కడగలేదన్నమాట. వస్తే, ఏం జరిగిందని ఇంతలా కడిగారు? దుప్పటి మడతల్లోకి చెయ్యి పోనిచ్చి తడి వెతికేది. పాలగ్లాసు ఎత్తి వెలుతురుకి పెట్టి చూసేది. పడక పుండ్లేమైనా పడ్డాయేమోనని తల్లి మడమలూ నడుమూ మోచేతులూ తిప్పి తిప్పి చూసేది. ఒక్క పుండూ ఉండేది కాదు. ఇంకొకరైతే హమ్మయ్య అనుకుంటారు. ఈమె మాత్రం "ఇంత శుభ్రంగా ఉందంటే ఏదో దాస్తున్నారు" అనుకునేది.

హోమ్‌లో పనివాళ్ళు ఆమెకి చెకింగ్ మేడమ్ అని పేరు పెట్టేశారు. కండక్టరు కూతురు చెకింగు కాక ఇంకేమవుతుందని వాళ్ళ వాదన.

తల్లి నిజంగానే బస్సు కండక్టరు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆవిడ "రైట్" అనకపోతే బస్సు కదిలేది కాదు. ఏ బస్సైనా అంతే కదా అంటారు మీరు. ఈవిడ బస్సు పల్లంలో బ్రేకు వదిలేసినా కదిలేది కాదు. రిటైరయ్యాక కూడా ఆవిడ ఎక్కింది ఏదైనా సరే, ఆవిడ సరేననేదాకా అంగుళం జరిగేది కాదు. లిఫ్టయితే తలుపులు మూసుకుని బుద్ధిగా నిలబడేది. చుట్టాలెవరైనా కారెక్కిస్తే ముందుగానే "వదినా, ఇక చెప్పేయ్" అని గుర్తుచేసేవాళ్ళు. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. కొందరికి వానొచ్చే ముందు మోకాళ్ళు నొప్పెడతాయి, ఈవిడకి ఇది.

పక్షవాతం వచ్చాక కాళ్ళు పడిపోయాయి, మాట పడిపోయింది. మాట నెమ్మదిగా వస్తుందన్నాడు డాక్టరు. నెలలు గడిచాయి, కూతురికి ఒక్క మాటా వినబడలేదు. ఇక్కడే కూతురిని అనుమానం పురుగులా తొలిచింది. అమ్మ నోరు విప్పడం లేదు. కానీ అమ్మ చక్రాల కుర్చీ రోజూ స్నానాల గదికి వెళ్తోంది, వరండాలోకి వెళ్తోంది, భోజనాల బల్ల దగ్గరికి వెళ్తోంది. రైట్ అనకుండా ఎలా వెళ్తోంది?

తను తోస్తే కదలదు. సొంత కూతురు, చెమటలు కక్కుతూ తోస్తే కదలదు. తాబేలక్క చెయ్యి వేస్తే మాత్రం వెన్నలా జారిపోతుంది.

తాబేలక్క అంటే తల్లి గదికి ఆయా. హోమ్ మొత్తం మీద ఆవిడంత నెమ్మదైన మనిషి లేదు. ఆవిడ ఒక దిండు గలీబు మార్చేలోపు పక్కగదివాళ్ళు మూడు మారుస్తారు. పైగా వసపిట్ట. చేతిలో పనుంటే నోరు ఆడుతుంది, నోరు ఆడేటప్పుడు చెయ్యి ఆగుతుంది. పెద్ద నర్సు రోజుకోసారైనా తల పట్టుకునేది.

"పాలల్లో ఏమైనా కలుపుతున్నావా?" అని ఓరోజు మొహమ్మీదే అడిగేసింది కూతురు.

"చక్కెర కలుపుతా మేడమ్. మీరొచ్చే వేళకి తగ్గిస్తా" అంది తాబేలక్క.

కూతురు కుర్చీ చక్రాలకి నూనేమైనా రాశారేమోనని వేలితో తడిమి చూసింది. నూనె లేదు. చక్రానికి దారం ముక్కొకటి చుట్టుకుని ఉంటే దాన్ని కూడా జాగ్రత్తగా బ్యాగులో వేసుకుంది.

చివరికి ఒకరోజు ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, ఎవరూ అనుకోని పొద్దుటి పూట వచ్చి, తల్లి మంచానికి అడ్డంగా పెట్టే గుడ్డ తెర వెనక నక్కింది. తల్లి అప్పటికే కుర్చీలో ఉంది. తాబేలక్క తువ్వాలు భుజాన వేసుకుని వచ్చింది. తలుపు తట్టింది, లోపల తలుపు తీసేవాళ్ళెవరూ లేకపోయినా.

"కండక్టరమ్మా, స్నానానికి బండి తీద్దామా?"

జవాబు లేదు.

తాబేలక్క మంచం అంచున కూలబడింది. వేళ్ళు విరుచుకుంది. పక్కింటావిడ కోడి తప్పిపోయిన సంగతి మొదలుపెట్టింది. కోడి దొరికింది. దాన్ని దాచిందెవరో తేలింది. వాళ్ళకీ వీళ్ళకీ మాటలు ఆగిపోయాయి. "ఏం చేద్దాం అమ్మా, వెళ్దామా?" అని మళ్ళీ అడిగింది.  తాబేలక్క కిటికీలోంచి బయటికి చూస్తూ ఊరుకుంది. తెర వెనక కూతురికి కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఇంత పని ఎగ్గొట్టడం తన ఫ్యాక్టరీలో అయితేనా, అనుకుంది.

అప్పుడు తల్లి వేళ్ళు, బస్సు రేకు మీద రైట్ కొట్టినట్టు, కుర్చీ చేతి మీద రెండుసార్లు కొట్టాయి. టక్, టక్. కుర్చీ కదిలింది.

"మేడమ్, తెర కింద మీ చెప్పులు కనిపిస్తున్నాయి" అంది తాబేలక్క గుమ్మం దాటుతూ. "కూర్చోండి. కాళ్ళు నొప్పెట్టి ఉంటాయి."

దొంగ దొరికిపోయిందనే అనుకుంది కూతురు. దొంగెవరన్న దగ్గరే ఆమె లెక్క తేడా. తిన్నగా పెద్ద నర్సు గదికి వెళ్ళింది.

"మా అమ్మని విసిగించి విసిగించి ఒప్పిస్తోందండీ. పోరు పడలేక అమ్మ సరేనంటోంది. మిగతా టైమంతా కోడి కబుర్లు."

పెద్ద నర్సుకి కావలసింది అదే. "నాకూ దాంతో వేగలేకుండా ఉందమ్మా. రేపట్నుంచి దాన్ని దుప్పట్లు ఉతికే చోట వేస్తా. మీ అమ్మగారికి చురుకైన అమ్మాయిని ఇస్తా."

"అక్కర్లేదు. అమ్మని నేనే ఇంటికి తీసుకెళ్తున్నా" అంది కూతురు. ఇంటికొచ్చి చూసుకునే మనుషుల్ని పంపే ఏజెన్సీతో అప్పటికే మాట్లాడేసింది. స్నానం, తిండి, మందులు, పక్క మార్చడం, అన్నీ గంటలో ముగించేస్తామన్నారు వాళ్ళు. గంటలో. ఆ మాట ఆమెకి పాటలా వినిపించింది.

మర్నాడు వ్యాను వచ్చి వరండా మెట్ల పక్కన కుర్చీ ఎక్కించే వాలు బల్ల దించింది. తెల్లారగానే లేపి, గుమ్మంలో వేసిన కుర్చీలో కూర్చోబెట్టిన తల్లిని చురుకైన అమ్మాయి గబగబా తల దువ్వి వరండా దాకా తేబోయింది. కుర్చీ గుమ్మంలోనే బిగుసుకుంది. ఆ అమ్మాయి తోసింది. కూతురు తోసింది. వ్యాను డ్రైవరు చొక్కా చేతులు మడిచి తోశాడు. కుర్చీ కదల్లేదు, డ్రైవరు చెప్పు తెగింది.

"తాబేలుని పిలవండి" అంది కూతురు. "చక్రాలకి ఏదో చేసింది."

తాబేలక్క మోచేతుల దాకా సబ్బు నురగతో వచ్చింది. చక్రాలకేసి చూడనైనా లేదు.

"అడిగారా మేడమ్?"

"అడగకేం?"

"ఏమన్నారు?"

"ఏమంటుంది, ఏమీ అనదుగా."

"ఆహా" అంది తాబేలక్క. "నా దుప్పట్లు నానుతున్నాయి, వస్తా." వెళ్ళిపోయింది.

కూతురికి ఒళ్ళు మండింది. తల్లి ముందుకొచ్చి వరండా బల్ల మీద కూర్చుంది. "అమ్మా, ఇంటికి వెళ్దామా? వెళ్దాంలే. అక్కడ నీకు కిటికీ పక్కన మంచం వేయించా. బాగుంటుంది కదూ? బాగుంటుంది. ఆకలేస్తోందా? ఇప్పుడేగా తిన్నావు, వేయదులే."

తెగిన చెప్పు పట్టుకుని నిలబడ్డ డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, తప్పుగా అనుకోకండి. మీరు కాసేపు ఊరుకుంటే పెద్దావిడ ఏదో అనేలా ఉన్నారు."

ఆమె తల్లి మొహంలోకి చూసింది. మడమల్ని చూసింది ఇన్నాళ్ళూ, మోచేతుల్ని చూసింది. మొహాన్ని ఇంత దగ్గరగా ఎప్పుడు చూసిందో గుర్తులేదు. పెదాలు కదులుతున్నాయి. కదిలి ఆగుతున్నాయి, మళ్ళీ కదులుతున్నాయి, ఎత్తు ఎక్కలేక ఆయాసపడుతున్న బండిలాగా. అందిద్దామని ఆమె నాలుక చివరికి పది మాటలొచ్చాయి. అన్నిటినీ మింగింది. బల్బు వెలగకపోతే రెండు క్షణాల్లో పక్కన పడేసే మనిషి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెరట్లో దుప్పట్లు ఆరేసిన తాడు గాలికి ఊగింది. వరండా స్తంభం నీడ ఆమె కాళ్ళ మీంచి తల్లి కాళ్ళ మీదికి పాకింది. ఒకసారి ఏడుపొచ్చింది, అది కూడా ఆగింది.

"నీకు..." అంది తల్లి.

కూతురు పలకలేదు.

"...తొందరైతే... నువ్వెళ్ళు."

డ్రైవరు నవ్వు ఆపుకోలేక వ్యాను అటుపక్కకి వెళ్ళిపోయాడు. అమ్మ గొంతే. నిండు బస్సులో మెట్టు మీద వేలాడేవాణ్ణి దింపేసే గొంతే, కాస్త తుప్పు పట్టిందంతే. అంటే మాట ఎక్కడికీ పోలేదు. ఆలస్యంగా వస్తోంది, వచ్చేసరికి స్టాపులో ఎవరూ ఉండటం లేదు.

"ఇక్కడే ఉంటావా?" అని అడిగి, ఈసారి జవాబు తను చెప్పలేదు.

చాలాసేపటికి, టక్, టక్.

"తాబేలక్కతోనే?"

దీనికి మాత్రం అంత ఆలస్యం కాలేదు.

పెద్ద నర్సుతో చెబుదామని కూతురు లేవబోయింది. లేవలేకపోయింది. తల్లి ఎప్పుడు పట్టుకుందో ఏమో, ఎండిన వేళ్ళతో ఆమె మణికట్టు పట్టుకుని ఉంది. ఆ పట్టులో బలమేమీ లేదు. అయినా కాళ్ళూ నడుమూ కింద బల్లా అన్నీ కలిసి బిగుసుకుపోయాయి. ఆమె ఒకసారి ప్రయత్నించి మానేసింది.

"అన్నా, వెళ్తూ వెళ్తూ పెద్ద నర్సుకి చెప్పు" అని డ్రైవరుని కేకేసింది. "తాబేలక్కని దుప్పట్ల దగ్గర్నుంచి పంపమని. తప్పు నాదేనని కూడా చెప్పు. పంపడానికి తొందరేం లేదని చెప్పు."

వ్యాను ఖాళీగా వెళ్ళిపోయింది. ఎండ నడినెత్తికి వస్తుంటే బ్యాగులో ఫోను మోగింది. రెండో చేత్తో తడుముకుని తీసింది. ఫ్యాక్టరీ. షిఫ్టు మొదలై చాలాసేపైంది, ఎక్కడున్నారంటున్నారు.

"అమ్మ దగ్గరున్నానండీ" అంది. "ఇంకా రైట్ అనలేదు."

అవతలివాళ్ళు సరేనని పెట్టేశారు.